ఆ మౌనం ఎవరిది

చదువుతూనే ఉండండమ్మా, ఆపకండి, అని తల వెనక నుంచి పెద్ద డాక్టరు అన్నారు కాబట్టి ఆమె చదువుతూనే ఉంది, ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని, తల కదలకుండా బిగించిన ఇనుప చట్రంలో, ముఖానికి గుడారంలా కట్టిన పలచటి ప్లాస్టిక్ తెర కింద, ఎడమ చెవికి పైన తన పుర్రె అరచేయంత మేర తెరిచి ఉందన్న సంగతి తలుచుకోకూడదు తలుచుకోకూడదు అనుకుంటూ అదే తలుచుకుంటూ చదువుతూనే ఉంది. నొప్పి లేదు. ముందే చెప్పారు, మెదడుకి నొప్పి తెలియదట, ఒంట్లో ఎక్కడ ఏం జరిగినా మొర వినేది అదే, తన దాకా వస్తే మాత్రం దానికి ఏమీ తెలియదట, ఇదెక్కడి చోద్యం అనుకుని అప్పుడు నవ్వింది, ఇప్పుడు మాత్రం కాస్త నొప్పి ఉన్నా బాగుండేది అనిపిస్తోంది, నొప్పయితే ఎక్కడ ఏం చేస్తున్నారో తెలిసేది. ఇప్పుడు తెలిసేదల్లా ఒక గొట్టం చప్పుడు, గిన్నె అడుగున మిగిలిన నీళ్ళను ఎవరో జుర్రుకుంటున్నట్టు, ఆ జుర్రుకుంటున్నది ఏమిటా అని ఆలోచన అటు పోబోయింది, దాన్ని రెక్క పట్టి వెనక్కి లాక్కొచ్చి మళ్ళీ కాగితం మీద పెట్టింది.

కాగితాలు పట్టుకుని ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది స్పీచ్ థెరపిస్టు, చిన్న పిల్ల, తన అత్తగారు ఆ పిల్లను మొదటి రోజు నుంచీ మాటలమ్మాయి అనే అంటారు, ఇప్పుడు ఆస్పత్రిలో సగం మంది అలాగే అంటున్నారు. ఈ పద్ధతంతా విడమరిచి చెప్పింది మాటలమ్మాయే. గడ్డ మాటలు పుట్టే చోటును ఆనుకుని ఉందక్కా, పూర్తిగా మత్తిచ్చి తీసేస్తే దాంతోపాటు ఏం పోతుందో తెలియదు, అందుకని మధ్యలో లేపి నీచేత చదివిస్తాం, నువ్వు చదువుతుంటే సార్ ఒక్కో చోట సన్నటి కరెంటు తాకిస్తారు, తాకించినప్పుడు నీ మాట ఆగిపోతే అది మాటల చోటు, దాని మీద చిన్న కాగితం ముక్క పెట్టి వదిలేస్తారు, ఆగకపోతే కోస్తారు. మరి వదిలేసిన చోట గడ్డ మిగిలి ఉంటే, అని ఆమె అడిగింది. మాటలమ్మాయి కిటికీ వైపు చూసింది. మళ్ళీ పెరుగుతుందక్కా, అంది. అంటే ఆగితే మాట మిగులుతుంది, ఆగకపోతే ఆయుష్షు మిగులుతుంది, ఇంతే కదా, అని ఆమె తన మామూలు గొంతుతో అనేసింది గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

మాట పోతే ఆమెకు ఇంకేం మిగలదు, గొంతు అమ్ముకుని బతికే మనిషి, పుస్తకాలు చదివి రికార్డు చేయడం ఆమె పని, అందులోనూ భయం పుట్టించే పుస్తకాలు, దయ్యాలూ మూసిన గదులూ తెల్లారేసరికి లేని మనుషులూ, స్టూడియోలో సౌండ్ చూసే అతను ఆమెను దయ్యాలక్క అంటాడు, దయ్యాలక్కా ఈ పూట ఎంతమందిని చంపుతున్నావు, అంటాడు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ. ఆమెకు ఒక పట్టింపు ఉంది, ఏ పుస్తకమైనా చివరి అధ్యాయం ముందుగా చదివి పెట్టుకోదు, తక్కినదంతా గుర్తులు పెట్టుకుని, ఎక్కడ ఊపిరి తీయాలో ఎక్కడ గొంతు దించాలో చూసుకుని, చివరిది మాత్రం మైకు ముందే మొదటిసారి చదువుతుంది, వినేవాళ్ళతోపాటు తనూ తలుపు తీస్తుంది. ఈ పుస్తకంలో ఆ చివరి అధ్యాయమే మిగిలిపోయింది, దానికి ముందు అధ్యాయం చదువుతూ ఉండగానే కదా గాజు గదిలో నాలుక మొద్దుబారి, కుడి చెయ్యి దానంతటది ఎగిరెగిరి పడి, కుర్చీలోంచి కిందకి జారిపోయింది, సౌండతను అద్దం అవతల చప్పట్లు కొట్టాడట, ఏం నటించావక్కా అని. తర్వాత పాపం ఆస్పత్రిలో ఆమె ముఖం చూడలేకపోయాడు. మాటలమ్మాయి పరీక్షకని చూపించే బొమ్మలు, గొడుగూ ఏనుగూ గడియారమూ, ఆమె కళ్ళు మూసుకుని కూడా చెప్పేసేది, ఇలాగైతే లాభం లేదు, నీకు నిజంగా కష్టమైనది ఏదైనా తీసుకురాక్కా అంటే ఆ అధ్యాయం తెచ్చి ఇచ్చింది, మాటలమ్మాయి మొదటి పేరా చూసి కాగితాలు బోర్లా పెట్టేసింది, నాకు ఇలాంటివి పడవక్కా, సినిమాలో వచ్చినా చెవులు మూసుకుంటాను అంది, మరి మనుషుల తల విప్పితే చూస్తావుగా అంటే, అది వేరు అంది.

అది వేరు. ఎలా వేరో ఇప్పుడు ఈ బల్ల మీద అర్థమవుతోంది, ఇన్నేళ్ళు భయం నటించింది, లోపల కూరల గురించి ఆలోచించుకుంటూ పైకి మాత్రం వినేవాళ్ళ వెన్నులో చలి పుట్టించింది, భయమంటే కేక అనీ ఎగశ్వాస అనీ అనుకుంది, ఇప్పుడు నిజంగా పై ప్రాణాలు పైనే పోతున్న వేళ కేకా లేదు పాడూ లేదు, నోరు పిడచకట్టుకుపోయి, చల్లటి చెమట ఒంటి కింద దుప్పటిని తడిపేస్తుంటే, పెరట్లో కుళాయి కట్టేశానా లేదా అని ఒకటే బెంగ. ఈ పుస్తకం రాసిన కుర్ర రచయిత్రికి ఆ సంగతి ఎలా తెలిసిందో, కుట్టుపని చేసుకుని ఒంటరిగా బతికే ఒకావిడ కథ ఇది, అద్దెకు దిగిన ఇంట్లో వెనక గది తాళం వేసి ఉంటుంది, మధ్యాహ్నాలు ఆ గదిలోంచి మాటలు వినిపిస్తాయి, చెవి ఆనించి వింటే అది తన గొంతే, తనే అక్కడ ఎవరితోనో కబుర్లు చెప్పుకుంటూ నవ్వుతోంది, అవతలి మనిషి మాట మాత్రం వినిపించదు, అలా విన్న మొదటిసారి కుట్టుపనావిడ ఏం చేస్తుందయ్యా అంటే, కేక వేయదు, సూదిలో ఉన్న దారం పచ్చదా నీలమా అని వెలుతురుకి పెట్టి చూసుకుంటుంది. రికార్డు చేసిన రోజు ఆ వాక్యం పేలవంగా ఉందనుకుంది ఆమె, గొంతుతో కాస్త మసాలా దట్టించింది కూడా. ఇప్పుడు ఆ రచయిత్రికి దండం పెట్టాలనిపిస్తోంది, ఈ చోటుకి తనకంటే ముందు ఎవరో వచ్చి, కళ్ళు తెరుచుకుని చూసి, ఉన్నదున్నట్టు రాసిపెట్టి వెళ్ళారు.

అత్తగారికి ఆ వాక్యం మొదట్నుంచీ ఇష్టం. ఆవిడ ఈ పుస్తకాలు బట్టలు మడతపెడుతూ, ఫోను పక్కింటికి వినిపించేంత గట్టిగా పెట్టుకుని వింటారు, ఈ వయసులో ఇవేం వినడమమ్మా, నాలుగు మంచి మాటలు వినక, అని కొడుకు విసుక్కుంటే, మంచి మాటలు మీ నాన్న పడకేసినప్పుడు చాలా విన్నానురా, వచ్చినవాడల్లా ఏం కాదు ఏం కాదు అనే అన్నాడు, ఏమైందో చూశాంగా, ఈ పుస్తకాల్లో ఎవడైనా ఏం కాదులే అన్నాడంటే ముందు పోయేది వాడే, అందుకే నాకు వీటిమీద నమ్మకం, అన్నారు. పాతవాటిలో ఉరుములూ పుర్రెలూ నెత్తురూ తప్ప ఏముండేవి, ఇప్పటి పిల్లలు రాస్తున్నవి వేరే, వీటిలో దయ్యం కంటే ముందు మనిషి కనిపిస్తుంది, ఆ వెనక గదిలో ఏదో ఉందని కాదమ్మాయ్ నా భయం, ఆ కుట్టుపనావిడ బయట ఎవరితోనూ అంత కులాసాగా మాట్లాడి ఎరగదు, అదీ నా భయం, అని ఆవిడ ఒక దిండు గలీబు మడతపెట్టుకుంటూ అన్నారు. పొద్దున ఇక్కడికి తీసుకొచ్చేటప్పుడు భర్త స్ట్రెచర్ పక్కనే నడుస్తూ ఏం కాదు, ఏం కాదు అంటూనే ఉన్నాడు, అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వీడే ముందు పోతాడే అన్నట్టు, ఇద్దరికీ నవ్వాగలేదు, పాపం అతను బిక్కమొహం వేశాడు. అందరికీ తలలో నాలుకలా మెలిగావు, ఆ నాలుక ఎక్కడుందో ఇవాళ డాక్టర్లు వెతుకుతారన్నమాట, అన్నారు అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, ఆవిడ చెయ్యి వణుకుతోంది, వణుకుతోందని దాచుకోలేదు.

చదవాలి, ఎక్కడున్నాం, కుట్టుపనావిడ ఇంటిగలావిడ దగ్గర తాళంచెవి సంపాదించింది, మధ్యాహ్నమైంది, లోపల నవ్వు మొదలైంది, "ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి తాళం తీసింది. లోపలి నవ్వు ఆగలేదు. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది," అని చదివి ఆమె ఆగింది. ఆగీ ఆగగానే గొట్టం చప్పుడు ఆగింది, తల వెనక అడుగులు సర్దుకున్నాయి, మాటలమ్మాయి గట్టిగా, ఆగింది సార్, అంది, పెద్ద డాక్టరు ఏదో అంకె చెప్పారు, ఎవరో దాన్ని తిరిగి పలికారు, తల లోపల ఎక్కడో కాగితం ముక్క పెట్టారని తెలిసింది, ఏమీ తెలియకపోయినా. ఇక్కడ ముట్టుకోవద్దు, పక్కకు పోదాం, అన్నారాయన. మాటలమ్మాయి ముఖం తెల్లబోయింది, అక్కా, చదవగలవా, తర్వాత వాక్యం. చదవగలదు. చదవలేకేం. అది తను ఆగిన ఆగడం కదా, ఇన్నేళ్ళూ తలుపు మీద చెయ్యి పడిన ప్రతిసారీ ఆగినట్టే ఆగింది, వినేవాళ్ళ ఊపిరి తన గుప్పిట్లోకి వచ్చేదాకా ఆగి, అప్పుడు తలుపు తీయడం, ఆమె పనితనమంతా అక్కడే ఉంది, సౌండతను ఆ ఖాళీని ఎప్పుడూ కత్తిరించడు. ఆగకూడదని ఎన్నిసార్లు చెప్పారో, అలవాటు మనిషి మాట వింటుందా.

నోరు విప్పి చెప్పేస్తే సరిపోతుంది, సార్ అది నా ఆగడం, కరెంటుది కాదు అని, చెబితే ఆయన మళ్ళీ అక్కడికే వస్తారు, కోస్తారు. చెప్పకపోతే ఆ ముక్క అలాగే ఉంటుంది, అందులో గడ్డ అలాగే ఉంటుంది, పెరుగుతుంది, ఎప్పుడో, ఇప్పుడు కాదుగా, ఇప్పటికి గొంతు ఉంటుంది, ఇంటికి వెళ్ళి ఈ అధ్యాయం రికార్డు చేయొచ్చు, ఇంకో పుస్తకం, ఇంకోటి. చెప్పకు, చెప్పకు, అని లోపల ఎవరో అంటున్నారు, తన గొంతే, ఎంత తీయగా అంటోందో. అంతలో అంతకంటే పెద్ద భయం వచ్చి మీద కూర్చుంది, నిజంగా అది తన ఆగడమేనా. ఆ క్షణంలో కరెంటు తాకిందా లేదా తనకు తెలియదు, తెలియకుండానే తాకిస్తామన్నారు, మాట దానంతటదే ఆగిపోతే, నేనే ఆపానులే అని మెదడు తర్వాత కథ అల్లుకోదా, అదీ కథలు చెప్పుకు బతికే మెదడు. అవునంటే ఒక ప్రమాదం, కాదంటే ఒక ప్రమాదం, గుండె కొట్టుకుంటున్న చప్పుడు పక్కనున్న మిషను బయటికి చెప్పేస్తోంది, దాని టిక్కు టిక్కు తొందరపడుతోంది, అమ్మా కంగారుపడకండి, అని మత్తు డాక్టరు అన్నాడు, కంగారుపడకుండా ఉండటం ఎలాగో కూడా చెప్పు నాయనా అనుకుంది. కుట్టుపనావిడ ఇంకా తలుపు మీద చెయ్యి వేసే ఉంది. ఆవిడ వెనక్కి వెళ్ళిపోయి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"సార్," అంది ఆమె, "ఆ మౌనం నాదో మీ కరెంటుదో నాకు తెలియడం లేదు. తలుపు దగ్గర ఆగడం నా అలవాటు. మళ్ళీ పరీక్షించండి."

తల వెనక అడుగులు మళ్ళీ దగ్గరికి వచ్చాయి. తర్వాత పెద్ద డాక్టరు, మంచిదమ్మా, ఇది ముందే చెప్పాల్సింది, అని ఊరుకోకుండా, నాకు మీ పుస్తకం వినాలనే ఉంది గానీ కాస్త పాలపాకెట్టు మీద అక్షరాలు చదివినట్టు చదవండి, అన్నారు. మాటలమ్మాయి అదే పేరా మళ్ళీ చూపించింది. ఆమె జీవితంలో ఎప్పుడూ చదవనంత చప్పగా చదివింది, తలుపు మీద చెయ్యి వేసింది తలుపు మీద చెయ్యి వేసింది, ఆగకుండా, ఊపిరి తీయకుండా, మళ్ళీ అన్నారు, మళ్ళీ చదివింది, ఏ సారి కరెంటు ఉందో ఏ సారి లేదో తెలియదు, మాట ఎక్కడా తొట్రుపడలేదు. ఆ మౌనం తనదే. కాగితం ముక్క తీసేయండి, అన్నారాయన. గొట్టం చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి దగ్గరగా వినిపించింది, నిజంగా దగ్గరో తన భయమో. మాటలమ్మాయి అక్కడి నుంచి తలుపు పేరా దాటించకుండా, కిందటి పేజీకి వెళ్ళి మామూలు భాగం చూపించింది, ఆ పిల్ల తెలివే తెలివి, ఆగడానికి వీల్లేని చోటు, పొద్దున కుట్టుపనావిడ వంటగదిలో పనులు చేసుకునే భాగం, పొయ్యి తుడిచింది, బియ్యం డబ్బా మూత పెట్టింది, ఆమెకు ప్రాణం కాస్త కుదుటపడింది, చదువుతూ చదువుతూ నిజంగానే వంటగదిలోకి వెళ్ళిపోయింది, కిటికీలోంచి ఎండ, గట్టు మీద తడి, "గ్లాసు కడిగి" అని చదివింది, తర్వాత మాట రాలేదు.

అది ఉంది. కాగితం మీద ఉంది, నల్లగా, గుండ్రంగా, వంపులు వంపులుగా ఉంది, అదేదో ఆమెకు తెలుసు, తెలుసు, తడి గ్లాసు, చేతిలో చల్లగా, దాన్ని ఇలా, అంచు కిందకి, కింద నీళ్ళు చుట్టూ గుండ్రంగా, ఇలా పెడతాం, రోజూ పెడతాం, ఇలా. నోరు తెరిచింది. ఆ. నాలుక ఉంది, పెదాలు ఉన్నాయి, గాలి వస్తోంది, ఆ, ఆ, అంతే, గాలి ఊరికే బయటికి పోతోంది. సరే అది వద్దు, ఇంకోటి, ఏదైనా, ఎదురుగా ఉన్న పిల్ల, ఆ పిల్లను ఏమంటారు, బయట కూర్చున్న ఆవిడ, చెయ్యి వణికిన ఆవిడ, ఆవిడను పిలిచే, రోజూ పిలిచే. లేదు. వరసగా అన్ని గదులూ తెరిచి చూస్తే అన్నీ ఊడ్చేసి ఉన్నాయి. ఉరుము లేదు, కేక లేదు, తలుపు దగ్గర కాదు, ఇక్కడ, ఇంత మామూలు చోట, ఎండ పడుతున్న గట్టు దగ్గర. ఆమె మాటలమ్మాయి కళ్ళలోకి చూసింది. చూడటం ఒక్కటే మిగిలింది.

"ఆపండి సార్," అంది మాటలమ్మాయి, స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. "ఇది అక్క ఆపింది కాదు. ఇక్కడ ఎవరూ ఆగరు."

గొట్టం ఆగింది. తల మీద ఎక్కడో గోరువెచ్చటి నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఎవరూ కదలడం లేదు. మాటలమ్మాయి కాగితాలు వదిలేసి తెర కిందకి చెయ్యి దూర్చి ఆమె వేళ్ళు పట్టుకుంది, తొందరేం లేదక్కా అంది, వస్తుంది అనలేదు, ఏం కాదు అని కూడా అనలేదు. ఎంతసేపో, గంటో గడియో, ఆమె ఆ గ్లాసునే చూస్తూ ఉండిపోయింది, అంచు కిందకి, అడుగు పైకి, నీళ్ళు జారి జారి గట్టు మీద చేరుతున్నాయి, బో. బో అనే చప్పుడు ఎక్కడి నుంచో వచ్చి పెదాల మీద కూర్చుంది. బో, అంది. బోర్లిం. కళ్ళ నీళ్ళు ముక్కు మీదుగా అడ్డంగా జారి దిండులోకి ఇంకాయి. బోర్లించింది, అంది ఆమె, గ్లాసు కడిగి బోర్లించింది, బోర్లించింది, బోర్లించింది, చిన్నపిల్లకి కొత్త మాట దొరికినట్టు అంటూనే ఉంది, ఎవరూ ఆపలేదు. అత్తగారూ అంది, ఏనుగు అంది, కుళాయి అంది.

చాలామ్మా, ఇక్కడితో ఆపేద్దాం, అన్నారు పెద్ద డాక్టరు. గోరంత మిగిలింది, అది మాటల్ని పెనవేసుకుని ఉంది, నేనిక ముట్టుకోను, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి, మళ్ళీ పెరిగితే మళ్ళీ ఆలోచిద్దాం, అన్నారు, పెరగదని మాత్రం అనలేదు, అందుకు ఆయన మీద గౌరవం కలిగింది. గోరంత. అది లోపలే ఉంటుంది, తను పుస్తకాలు చదువుతుంటే వింటూ ఉంటుంది, ఒకనాడు ఏ గ్లాసు దగ్గరో మళ్ళీ మాట లాక్కుంటుంది, ఇవాళో రేపో తెలియదు, భయం పోలేదు, గుండెల మీద అలాగే కూర్చుని ఉంది, కానీ దాని ముఖం ఇప్పుడు చూసేసింది. ఇక మూసేయడమే, నిద్రమందు ఇవ్వమంటారా, అని అడిగారు. ఆమె కళ్ళతోనే వద్దంది. నాలుక అలసిపోయింది, మాటలు ఒక్కొక్కటీ తడుముకుంటూ వస్తున్నాయి, వేళ్ళతో కాగితాల వైపు చూపించి, నువ్వు చదువు, అంది మాటలమ్మాయితో.

మాటలమ్మాయి బిత్తరపోయింది, నేనా అంది, తర్వాత కాగితాలు సర్దుకుని మొదలుపెట్టింది, పాఠం అప్పజెప్పినట్టు, చుక్క దగ్గర ఆగకుండా, ఆగకూడని చోట గుటక వేస్తూ, ఇంత ఘోరంగా ఆ రచయిత్రిని ఎవరూ చదివి ఉండరు. అయినా ఆమెకు ఒళ్ళు జలదరిస్తోంది, ఎప్పుడూ ఆ గొంతు తనదే కదా, ఇలా చీకట్లో అవతల కూర్చుని వినడం ఎరగదు, తర్వాత ఏమవుతుందో తెలియకుండా, తన చేతిలో ఏమీ లేకుండా, ఒక వణికే గొంతు వెంట పోవడం, అత్తగారు ఇన్నేళ్ళూ ఇదా విన్నది. తల వెనక సన్నటి మరలు బిగిస్తున్నారు. "లోపలి నవ్వు ఆగలేదు," చదివింది మాటలమ్మాయి, "ఆమె తలుపు మీద చెయ్యి వేసింది." అక్కడ ఆగిపోయింది.

"ఇక్కడితో చాలక్కా," అంది. "నీకు భయంగా లేదూ?"

"ఉంది," అంది ఆమె, ఒక్కో మాటా వెతికి పట్టుకుని. "చాలా ఉంది. తలుపు తియ్యి."

మాటలమ్మాయి పేజీ తిప్పింది.